నవ్వకూడని ఫోటో

ఎదుటి మనిషి నవ్వితే తప్ప స్టూడియో బాబాయి ఫోటో తీసేవాడు కాదు. తీయడం చేతకాక కాదు, తీసేవాడు కాదంతే. కుర్చీలో కూర్చున్నది జడ్జిగారైనా ఒకటే, చంటిపిల్ల అయినా ఒకటే. పెదవులు విడివడి పళ్ళు కనిపించేదాకా ఆయన వేలు కెమెరా మీట మీద ఊరికే ఆని ఉండేది. ఆ వేలికీ తనకీ సంబంధం లేనట్టు ఆయన పైకప్పు వైపు చూస్తూ ఉండేవాడు.

అందువల్ల ఆ చుట్టుపక్కల వీధుల్లో గుర్తింపు కార్డులన్నీ నవ్వుతూ ఉండేవి. పోలీసు బండి ఆపి లైసెన్సు అడిగితే లైసెన్సులో మనిషి పగలబడి నవ్వేవాడు. "ఎందుకయ్యా ఆ నవ్వు" అని పోలీసుకి చిర్రెత్తుకొచ్చేది. ఆసుపత్రి గేటు దగ్గర ఒక కాపలావాడు ఉండేవాడు. అతని మీసాలు చూస్తేనే జనం రెండడుగులు వెనక్కి వేసేవారు. బాబాయి తీసిన ఫోటో కార్డు మెడలో వేసుకున్న రోజు నుంచి అతన్ని ఎవరూ లెక్కచేయడం మానేశారు. విడాకుల కేసులు చూసే వకీలు ఒకాయన, తన కార్డు మీది నవ్వు చూసి కక్షిదారులు నొచ్చుకుంటున్నారని వచ్చి మొత్తుకున్నాడు. బాబాయి ఓపిగ్గా విని, "అయితే కూర్చోండి, ఇంకొకటి తీస్తాను" అన్నాడు. రెండో దాంట్లో వకీలు మరింత గట్టిగా నవ్వుతున్నాడు.

నవ్వించే మనిషి కదా అని ఆయన హాస్యాలు చెబుతాడనుకోకూడదు. మొహంలో గీత కదలదు. డాక్టరు నాడి చూసేటంత గంభీరంగా, "కుడి చెవి కొంచెం కిందికి దించండి" అనేవాడు. మనిషి నిజంగానే దించబోయేవాడు. అది కుదిరే పని కాదని తట్టేలోపు, "ముక్కు ఇటు జరపండి. చాలు, చాలు, మరీ అంత కాదు" అనేవాడు. అక్కడితో ఎంతటివాడైనా చేతులెత్తేయాల్సిందే.

ఆయనకి లొంగనిది ఒక్క పిన్నే. పిన్ని అంటే ఆయన భార్య. లోపలి గదిలో ఫోటోలు అచ్చు తీసి, కత్తిరించేది ఆవిడే. గోడల నిండా ఊరందరి ఫోటోలూ ఉన్నాయి, ఆవిడది ఒక్కటీ లేదు.

"నవ్విన రోజు తీస్తాను" అనేవాడు బాబాయి.

"నవ్వొచ్చే మాట అన్న రోజు నవ్వుతాను" అనేది పిన్ని.

వీధి చివరి బడిలో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పే టీచరు ఈయన చేతిలో పడింది.

ఆమెకి పై దేశంలో ఒక బడి ఉద్యోగం ఇచ్చింది. అక్కడి ఆరేళ్ళ పిల్లలకి ఇంగ్లీషు నేర్పాలి. ఇచ్చినవాళ్ళు మాటల్లోనే ఇచ్చేశారు, వెళ్ళడానికే కాగితాలు కావలసి వచ్చాయి. డిగ్రీ పట్టా నిజమైనదేనని విశ్వవిద్యాలయం ముద్ర వేయాలి. ఆ ముద్ర నిజమైనదేనని ఇంకో కార్యాలయం ముద్ర వేయాలి. ఆమె మీద కేసులేవీ లేవని పోలీసులు రాసివ్వాలి. ఊపిరితిత్తుల్లో జబ్బేమీ లేదని ఎక్స్‌రే చెప్పాలి. ఎండల్లో మొదలుపెట్టిన తిరుగుడు వానలు వెనకపట్టే దాకా సాగింది. చివరికి అన్నీ వచ్చాయి. ఫోటో ఒక్కటే మిగిలింది. ఫోటోదేముందిలే అనుకుంది టీచరు. అక్కడే పప్పులో కాలేసింది.

మొదటిసారి ఆమె బాబాయి దగ్గరికి వెళ్ళి పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు కావాలంది. దేనికో చెప్పలేదు. ఆయన చెవి దించమన్నాడు, ముక్కు జరపమన్నాడు, ఆమె నవ్వింది, ఫోటో వచ్చింది. వీసా కార్యాలయం కిటికీలో కూర్చునే ఆవిడ ఆ ఫోటోని గోటితో వెనక్కి నెట్టింది.

"ఇది వీసా అమ్మా, టూత్‌పేస్టు ప్రకటన కాదు. నోరు మూసి ఉండాలి. చెవులు రెండూ కనిపించాలి. వెనక తెల్లగా ఉండాలి. మొహంలో ఏమీ ఉండకూడదు."

రెండోసారి ఆమె బాబాయి నీడ కూడా తాకకుండా ఎదురు వీధిలో కొత్తగా పెట్టిన స్టూడియోకి వెళ్ళింది. మొహంలో ఏమీ ఉండకూడదు, ఏమీ ఉండకూడదు అని జపించుకుంటూ కూర్చుంది. మళ్ళీ తేదీ దొరికిన రోజు మధ్యాహ్నం ఫైలంతా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళితే ఆవిడ ఆ ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూసి, తర్వాత ఆమెని చూసింది.

"కళ్ళు సగం మూసుకుపోయాయి. చెవి వెనక నీడ పడింది. మీకు ఒంట్లో బాగానే ఉందా?"

"ఎక్స్‌రే పెట్టానండి" అంది టీచరు.

"నాలుగింటికి కిటికీ వేసేస్తాను. ఈలోపు సరైన ఫోటో తెస్తే ఫైలు తీసుకుంటాను. లేదంటే మళ్ళీ తేదీ తీసుకోవాలి. వచ్చే నెల దాకా ఖాళీ లేదు."

వచ్చే నెల దాకా ఆగితే అక్కడ బడి తెరిచేస్తారు. తెరిచే రోజుకి ఆమె లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని ప్రధానోపాధ్యాయురాలు మర్యాదగానే చెప్పింది. టీచరు ఆటో ఎక్కింది. ఎదురు వీధి స్టూడియో తలుపు వేసి ఉంది, భోజనానికి వెళ్ళాడట. ఇంక మిగిలింది బాబాయే. దారిలో ఫోను తీసి టైము చూసుకునే ధైర్యం లేకపోయింది. స్టూడియోలోకి అడుగు పెడుతూనే గోడ గడియారం కనబడింది. మూడున్నర.

"బాబాయ్, వీసా ఫోటో. చెవులు రెండూ కనిపించాలి. నవ్వు ఉండకూడదు. తొందరగా తీసెయ్యండి, నాలుగింటికి కిటికీ వేసేస్తారు."

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నవ్వు ఉండకూడదా?"

"ఉండకూడదు."

"కొంచెం కూడానా?"

"కొంచెం కూడా."

"అలాంటి దేశం వెళ్ళి ఏం చేస్తారమ్మా?"

"బాబాయ్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు ఫోటోలో రావు. కూర్చోండి."

ఒళ్ళో బ్యాగుంటే భుజం ఒరుగుతుందని బ్యాగు లాక్కుని పిన్నికి ఇచ్చాడు. ఫోను దాంట్లోనే వెళ్ళిపోయింది. దీపం కొంచెం ముందుకి జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. మొదట ఉన్నచోటికే వచ్చింది.

"టీచరమ్మా, మీ బడిలో పిల్లలు హాజరు ఎలా పలుకుతారు? నిలబడా, కూర్చునా?"

"ఇప్పుడదెందుకు బాబాయ్?"

"ఊరికే. కూర్చుని పలికితే ఇంత చిన్న కళ్ళకి కనబడరేమో అని."

టీచరుకి ఒళ్ళు మండిపోయింది. నోరు బిగించి, ఇంత కళ్ళు చేసుకుని ఆయన వైపు సూటిగా చూసింది. తటాలున దీపం మెరిసింది.

"తీసేశారా?"

"లైటు చూసుకున్నాను. గోడ మీద నీడ పడుతోందా లేదా అని. ఇందులో మీరు లెక్కలోకి రారు." కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి పిన్నికి అందించి, ఇంకో కార్డు పెట్టుకున్నాడు. కాసేపటికి లోపల అచ్చు యంత్రం గుర్రుమనడం మొదలుపెట్టింది. ఎవరి ఫోటోలో తీరిగ్గా తయారవుతున్నాయి.

"ముందు నాది చూడండి బాబాయ్."

"మీదే చూస్తున్నాను. ఇక జాగ్రత్త. ఏం జరిగినా నవ్వకూడదు. నేను కూడా సాయం పడతాను. ఎడమ చెవి…"

"చెవుల జోలికి వెళ్ళొద్దు."

"రూలు మీరే చెప్పారు కదమ్మా, రెండూ కనిపించాలని. కుడిది బాగానే కనిపిస్తోంది. ఎడమది మొహమాట పడుతోంది."

టీచరు బుగ్గ లోపల కొరుక్కుంది. పోలీస్ స్టేషన్ బల్ల గుర్తు తెచ్చుకుంది. ఎక్స్‌రే గదిలో చల్లటి పలక గుర్తు తెచ్చుకుంది. గడియారంలో పెద్ద ముల్లు పైకి ఎక్కుతోంది.

"ముక్కు…"

"ముక్కు ఎక్కడికీ జరగదు బాబాయ్."

"అదే మంచిది. ఉన్నచోటే ఉండమనండి. వీసా రాకుండానే బయల్దేరితే బాగుండదు."

లోపలి గదిలోంచి పిన్ని గొంతు వచ్చింది. "అమ్మాయ్, నవ్వకుండా ఎలా ఉండాలో నేను చెబుతాను విను. ఆయన మొహం చూడు. ఈయన్ని కట్టుకుంటే ఎలా ఉండేదో ఆలోచించు."

టీచరు చూసింది. బాబాయి కూడా, ఆ విషయం తనే ఆలోచిస్తున్నట్టు, దిగులుగా తల పంకించాడు. అంతే. నెలల తరబడి బిగపట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. ఆమె కడుపు పట్టుకుని వంగిపోయింది, తలెత్తి మళ్ళీ నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీపం మెరిసింది.

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. గడియారం నాలుగుకి అయిదు నిమిషాల దూరంలో ఉంది.

"అయిపోయింది బాబాయ్" అంది నెమ్మదిగా. "ఇన్ని నెలల తిరుగుడూ మీ సరదాకి పోయింది."

బాబాయి రెండో కార్డు కూడా తీసి లోపలికి అందించాడు. కెమెరా కన్నుకి మూత పెట్టుకుంటూ ఉన్నాడు. పిన్ని లోపలి నుంచి వచ్చి కత్తిరించిన ఫోటోలు ఆమె చేతిలో పెట్టింది. వాటిలో ఒక మనిషి ఉంది. కళ్ళు నిండా తెరుచుకుని ఉన్నాయి, నోరు మూసి ఉంది, చెవులు రెండూ ఉన్నాయి, వెనక ఎక్కడా నీడ లేదు.

"ఇది ఎప్పుడు తీశారు?"

"ఆయన లైటు చూసినప్పుడు" అంది పిన్ని. "భయంలో కళ్ళు మూతపడతాయట, కోపంలో బాగా తెరుచుకుంటాయట. అందుకని నీకు కోపం తెప్పించారు. అది ఆయనకి కష్టమైన పని కాదు."

"మరి ఇంతసేపూ నన్ను ఎందుకు కూర్చోబెట్టారు?"

"ఫోటో ఎప్పుడో అయిపోయిందమ్మా" అన్నాడు బాబాయి. "మీరే అవలేదు. వచ్చినప్పుడు మీ చేతులు చూశాను. ఆ చేతులతో ఫైలు ఇస్తే సగం కాగితాలు కిటికీకి ఇవతలే రాలతాయి."

టీచరు చేతుల వైపు చూసుకుంది. వణకడం లేదు. "కానీ నాలుగయింది కదా" అంది.

"ఆ గడియారం అరగంట ముందు నడుస్తుంది" అంది పిన్ని. "పాస్‌పోర్ట్ ఫోటోకి ఎవరూ సరదాకి రారు. పరీక్షో, ఉద్యోగమో, ఆసుపత్రో. వచ్చినవాళ్ళందరికీ ఎక్కడో ఒక కిటికీ మూతపడబోతూ ఉంటుంది. అందుకని ఆయనే ముందుకి తిప్పి పెట్టారు. మా ఇంట్లో మాత్రం దీన్ని చూసి అన్నం పెట్టమంటారు."

బాబాయి ఈ మాటలేవీ తనని గురించి కానట్టు లోపలి నుంచి ఒక చిన్న కవరు తెచ్చి ఇచ్చాడు. అది ఇప్పుడే లోపల అచ్చయిన రెండో ఫోటో. ఆమె తల వెనక్కి వాల్చి నవ్వుతోంది.

"ఇది వీసాకి కాదు. అక్కడి పిల్లలకి. కొత్త టీచరు వస్తుందంటే వాళ్ళకి భయంగా ఉంటుంది. తరగతి తలుపుకి ముందే అంటించమనండి, చూసుకుంటారు. పదండి, స్కూటరు మీద దింపుతాను."

వీధిలో స్కూటరు తిప్పుతూ, "గట్టిగా పట్టుకోండి టీచరమ్మా" అన్నాడు. "ఎడమ చెవి కూడా."

గుమ్మంలో నిలబడిన పిన్ని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిపోలేదు. భుజాలు కదిలిపోతున్నాయి. బాబాయి స్కూటరు అద్దంలో అది చూసి, ఒక చేత్తో మెడ దగ్గర కెమెరా కోసం తడుముకున్నాడు. కెమెరా లోపల బల్ల మీద ఉండిపోయింది.

వీసా కిటికీ ఇంకా తెరిచే ఉంది. లోపలి ఆవిడ ఫోటో మీద కొలబద్ద పెట్టి చూసింది. చెవులు చూసింది, నీడ కోసం వెతికింది, దొరకలేదు. తర్వాత తలెత్తి టీచరు మొహంతో పోల్చబోయి ఆగింది.

"అమ్మా, ఒక్క క్షణం నవ్వు ఆపండి. ఇందులో ఉన్నది మీరో కాదో చూసుకోవాలి."

టీచరు ప్రయత్నించింది. పోలీస్ స్టేషన్ బల్ల గుర్తు తెచ్చుకుంది. ఎక్స్‌రే గది గుర్తు తెచ్చుకుంది. ఈసారి దానికి కూడా నవ్వొచ్చింది. సాయానికి ఎవరైనా ఉన్నారేమోనని పక్కకి చూసింది. అద్దం తలుపు అవతల బాబాయి హెల్మెట్ చంకలో పెట్టుకుని గంభీరంగా నిలబడి ఉన్నాడు. ఆమె చూడగానే తన ఎడమ చెవిని వేలితో పట్టుకుని, కొంచెం కిందికి దించాడు.

కిటికీలోని ఆవిడ చాలాసేపు చూసింది. గోడ మీది గడియారం చూసింది.

"మొదటిసారి తెచ్చిన ఫోటోలో ఉన్నది మీరేనని మాత్రం ఇప్పుడు నమ్ముతున్నాను" అని, ఫైలు దగ్గరికి లాక్కుని ముద్ర వేసింది.