నూట నలభయ్యో చరణం దాకా

మా అమ్మమ్మ మలన్‌కు నా పుట్టినరోజు ఏనాడూ గుర్తుండదు. రెండు వందల చరణాల కథాగేయం మాత్రం ఒక్క మాట తప్పకుండా పాడుతుంది. నాకేమో బళ్ళో ఒక్క పద్యమూ రాలేదు. తొమ్మిదో క్లాసులో బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం. తరవాత అమ్మమ్మ ముప్పై రెండేళ్ళు పనిచేసిన చేపల ఫ్యాక్టరీలోనే నేనూ చేరాను. ఆమె ముల్లు తీస్తే చేపే సిగ్గుపడి ఇచ్చేసినట్టుండేదట. నేను తీస్తే చేప ఏడుస్తుందని ఆమె అంటుంది.

మా ఫారో దీవుల్లో నాట్యానికి వాయిద్యాలుండవు. చేతులు పట్టుకుని గుండ్రంగా కదులుతూ గేయం మొత్తం పాడతాం. చెక్క నేల మీద పడే అడుగులే తాళం. గేయం ముగిసేదాకా గొలుసు తెంచకూడదు.

తాత హానుస్ మహా సిగ్గరి. పెళ్ళి మాట నోటితో అడగలేక, నాట్యంలో నూట నలభయ్యో చరణం దగ్గర, ఓడ ఒడ్డుకు తగిలే చోట, అమ్మమ్మ ఎడమచెయ్యి గట్టిగా నొక్కాడట. ఆమె తిరిగి నొక్కింది. అంతే, పెళ్ళి కుదిరింది. ఆ తరవాత ముప్పై తొమ్మిదేళ్ళు, ఏటా అదే చరణం దగ్గర, ఇద్దరూ ఎటో చూస్తున్నట్టు నటిస్తూ అదే పని.

తాత పోయి తొమ్మిదేళ్ళయింది. రెండేళ్ళు ఆమె నాట్యానికి వెళ్ళలేదు. మూడో ఏడు నన్ను పిలిచింది.

"ఇటు ఎడమవైపు నిలబడు. చెయ్యి పట్టుకో. ఆ చరణం దగ్గర నొక్కావంటే చెవి మెలేస్తా. అది ఆయన పని."

"ఆయన లేడుగా అమ్మమ్మా."

"నీకెందుకే? పట్టుకో."

ఏటా ఆ చరణం రాగానే ఆమె కళ్ళు మూసుకునేది. నేను వేళ్ళు కదపకుండా, ఊపిరి కూడా సరిగ్గా తీయకుండా ఉండేదాన్ని. ఫ్యాక్టరీలో కూడా నాకంత కష్టమైన పని లేదు.

అది ఈ ఏడాది నాట్యాలకు చివరి ఆదివారం. గురువారం నుంచే ఆమె నీరసంగా ఉంది. బూట్లు తొడుక్కుంటూ మధ్యలో ఒకసారి ఆగింది. ఆ ఉదయం దవడ పట్టుకుని కూర్చుంది.

"ఏమైంది?"

"నిన్న తిన్న ఎండుమాంసం. ఆ గొర్రె చచ్చాక కూడా మొండికేసింది."

"మరి వీపెందుకు రుద్దుకుంటున్నావ్?"

"నీ స్వెట్టర్ అల్లి. తెడ్లంత పొడుగు చేతులతో నిన్ను కన్నది మీ అమ్మ. నొప్పి మాత్రం నాకు."

హాల్లో కేకు ముట్టుకోలేదు. కడుపులో తిప్పుతోందంది. "తుమ్మాస్ పెళ్ళాం కేకు చూస్తే ఎవరికైనా అంతే" అని కూడా అంది. నేను నవ్వాను. దేనికి దానికి ఒక జవాబు ఉంది మరి.

గేయం మొదలైంది. వందో చరణం దాటాక నా చేతిలో ఆమె చెయ్యి చల్లబడింది, తడిగా జారుతోంది. హాల్లో అందరి మొహాలూ ఉడికి ఎర్రబడితే, ఆమె మొహం మైనంలా ఉంది.

అవతలి చెయ్యి పట్టుకున్న తుమ్మాస్ అన్నాడు, "ఏం మలన్, గొంతు తగ్గిందే?"

"నీ చెవులు తగ్గాయి" అంది. ఆ మూడు మాటల మధ్యే ఒకసారి ఊపిరి తీసుకుంది.

అప్పుడు నాకు ఫ్యాక్టరీలో ఒక నర్సు చెప్పిన క్లాసు గుర్తొచ్చింది. కేకు పెడతారని వెళ్ళాను. గుండెపోటంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమే అనుకోవద్దని చెప్పింది. ముఖ్యంగా ఆడవాళ్ళకు కొన్నిసార్లు ఛాతీనొప్పి ఉండకపోవచ్చు. దవడ, వీపు, కడుపులో తిప్పడం, కారణం లేని నీరసం, చల్లటి చెమట. వీటిని విడివిడిగా చూసి సర్దిచెప్పుకోకండి, కలిపి చూడండి, వెంటనే ఫోన్ చేయండి అంది. వెనక బెంచీలోంచి నేను, "ఇవన్నీ మా అమ్మమ్మకు రోజూ ఉండేవే" అని అందరినీ నవ్వించాను. రోజూ ఉండేవి కావు. ఈ వారమే వచ్చాయి.

"అమ్మమ్మా, ఛాతీలో నొప్పా?"

"లేదు. ఉంటే చెప్పనా?"

"బయటికి పోదాం పద."

"ఇంకో పన్నెండు చరణాలు. ఆ తరవాత ఎక్కడికంటే అక్కడికి వస్తా."

"ఇప్పుడే."

"మార్నా, నోరు మూసుకుని అడుగు వెయ్యి."

ఆమె వేళ్ళు నా వేళ్ళను బిగించాయి. ఏడేళ్ళు కదపని చేతిని లాక్కున్నాను. గొలుసు తెగింది. పాట ఒక్కొక్క నోట్లో ఒక్కో చోట ఆగింది. నేను 112కి ఫోన్ చేస్తుంటే ఆమె బెంచీ మీద కూలబడి నన్నే చూస్తోంది. తిట్టలేదు. అందుకే భయమేసింది.

అంబులెన్సులో తీగలు పెట్టి చూసినవాడు గుండెపోటేనన్నాడు.

"నా గుండె నొప్పెట్టలేదే" అంది అమ్మమ్మ, తప్పు అతనిదే అయినట్టు.

సముద్రం కింద సొరంగంలోంచి పట్నం తీసుకెళ్ళారు. మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు నాతో అంది. అమ్మమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, నేను తెచ్చిన సూపు చూస్తూ అడిగింది.

"నన్ను తీసుకెళ్ళాక మళ్ళీ పాడారా?"

"లేదు. అందరూ ఇళ్ళకు పోయారు."

"ఎక్కడ ఆగింది?"

"నూట ఇరవై ఎనిమిది."

"పన్నెండు చరణాలు ఆగలేకపోయావు."

"ఆగలేకపోయాను. మళ్ళీ అయినా అదే చేస్తా."

"తెలుసు. అందుకే కోపం."

నేనే అన్నాను, "ఇక్కడ పాడుకో. మెల్లగా. నేను పక్కన కూర్చుంటా."

"పిచ్చిదానా, ఇక్కడికి ఆయన రాడు. ఆ నేల మోగాలి. అందరూ తిరుగుతుండాలి. అప్పుడొస్తాడు."

ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యాయి. మళ్ళీ క్రిస్మస్ దాకా మా ఊళ్ళో నాట్యం ఉండదు. అప్పటికి అడుగు వేయవచ్చని డాక్టరు అంది, రోజూ మందులు వేసుకుంటే, మెల్లగా నడుస్తుంటే. అది చెప్పాను. అమ్మమ్మ కిటికీవైపు తిరిగి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. ఒక చెయ్యి అయిపోయి రెండో చెయ్యి కూడా అయిపోయింది.

"పది నెలలు" అంది. "ఎట్లా మరి?"

అడిగింది నన్ను కాదు.