మద్రాసులో ఆడానన్న మాస్టారు

మనుషుల్ని నమ్మడం నా వల్ల కాదు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే, ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనుకునే రకం నేను. అలాంటివాడికి కౌలాలంపూర్ కాలేజీలో, చదువు ఆఖరి సంవత్సరంలో, కొత్త క్రికెట్ మాస్టారు తగిలాడు. బౌలింగ్ నేర్పడానికి వచ్చాడు. మద్రాసు జట్టుకి పదేళ్ళు ఆడాడట. మా తాతలది విశాఖపట్నం వైపు, ఆయనదీ అటే. మనవాడొచ్చాడని తెలుగు కుర్రాళ్ళంతా పొంగిపోయారు. నేను మాత్రం ఆయన కాళ్ళకేసి చూశాను. పదేళ్ళు ఆడిన మనిషికి బూట్లతో నడవడమే సరిగా రావడం లేదు.

అవి రబ్బరు ధర పడిపోయిన రోజులు. తోటల్లో పని లేక మనవాళ్ళని ఓడలెక్కించి వెనక్కి ఇండియాకి పంపేస్తున్నారు. మా నాన్న పనిచేసే తోట కూడా రేపో మాపో మూతపడేలా ఉంది. నాకున్న ఆశల్లా రైల్వే గుమాస్తా ఉద్యోగం. మంచి ఆటగాళ్ళు కనిపిస్తే రైల్వేవాళ్ళు పిలిచి పని ఇచ్చేవారు. వాళ్ళ జట్టుతో మా మ్యాచ్ రెండు నెలల్లో ఉంది. సరిగ్గా అప్పుడే ఈ మహానుభావుడు నేను బంతి పట్టుకునే పద్ధతి మార్చేశాడు.

"అలగ పిసికీకు బాబూ. ఒదులుగా పట్టు. బుజం దించితే బంతి దారి తప్పిపోద్ది" అనేవాడు.

నెల రోజులు నాకు ఒక్క వికెట్ పడలేదు. కడుపు మండిపోయింది. కావాలనే నా చెయ్యి పాడుచేస్తున్నాడని కూడా అనుకున్నాను.

అప్పట్నుంచి ఆయన్ని కనిపెట్టి చూడసాగాను. ఆయన బంతికి స్టంపులు ఎగిరిపడితే అందరిలా చేతులెత్తి అరవడు. గబగబా వెళ్ళి తనే మళ్ళీ పాతి, "సారీ సార్" అంటాడు! మా కుర్రవెధవలకి సార్ ఏమిటి? ఔట్ చేసి క్షమాపణ చెప్పుకునే ఆటగాణ్ణి ఎక్కడైనా చూశారా?

సూటిగా అడగడం నా స్వభావంలో లేదు. అందుకే చుట్టూ తిప్పి అడిగాను. "మాస్టారూ, మద్రాసులో మీరు బౌలింగ్ వెయ్యనప్పుడు ఎక్కడ నిలబడేవారు?"

ఆయన తెల్లమొహం వేశాడు. "నిలబడ్డానికి తీరికేటి బాబూ? బంతులేరుకోడమే సరిపోయీది."

మ్యాచ్ ఆడినవాడికి ఫీల్డింగ్‌లో తన చోటేదో తెలియకుండా ఉంటుందా? దొరికాడ్రా దొంగ, అనుకున్నాను. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ దొర దగ్గరికెళ్ళి, ఈ మనిషి జన్మలో మ్యాచ్ ఆడి ఉండడని చెప్పేశాను.

మర్నాడు దొర ఇద్దర్నీ పిలిచి, ఏ మ్యాచ్‌లో ఆడావని ఆయన్ని అడిగాడు. మాస్టారు దాచలేదు. ఒక్కదాన్లోనూ ఆడలేదన్నాడు. మద్రాసులో దొరల క్లబ్బులో జీతానికి కుదిరాడట. వాళ్ళు బ్యాటింగ్ సాధన చేసుకోవడానికి పదేళ్ళు పొద్దునా సాయంత్రం బూట్లు లేకుండా ఉత్తకాళ్ళతో బంతులు వేశాడు. గొప్ప గొప్పవాళ్ళ స్టంపులు పడగొట్టాడు. మ్యాచ్ రోజున మాత్రం ఆయన పని గీత అవతల నిలబడి నీళ్ళందించడం. ఆ మాట చెబితే ఇక్కడ ఉద్యోగం ఇవ్వరని అబద్ధమాడానన్నాడు. దొర అప్పటికప్పుడే పనిలోంచి తీసేశాడు.

వరండాలోకి వచ్చాక నేను తలెత్తలేకపోయాను.

"నన్నే అడగొచ్చు కదా బాబూ" అన్నాడు ఆయన నెమ్మదిగా. "సెప్పేవోణ్ణి. నువ్వు మనోడివి. ఎవులికైనా సెప్పుకోవాలనే ఉండీది నాకు."

నాలుగు తిట్టినా బాగుండేది. ఛీ, ఇదేం బుద్ధిరా నాకు అని ఏడుపొచ్చింది. దొర దగ్గరికి మళ్ళీ వెళ్ళి బతిమాలుకున్నాను. వినలేదు.

రైల్వే జట్టు మీద ఆరు వికెట్లు తీశాను, అన్నీ ఆయన నేర్పిన పట్టుతోనే. ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం మీదే పెళ్ళి, పిల్లలు, ఇల్లు. క్లాంగ్ దగ్గర, మనవాళ్ళని ఓడెక్కించే రేవుకి వెళ్ళే రైళ్ళ కాగితాలన్నీ, ఎక్కినవాళ్ళ పేర్లతో సహా, నా బల్ల మీదనుంచే పోయేవి. ఆయన్ని ఓడెక్కించారా, ఇక్కడే ఉండిపోయాడా అన్నది ఒక్క పూటలో తెలిసిపోయేది. అందరి గురించీ కూపీలు లాగే నాకు, ఆ ఒక్క కాగితం తీసి చూడ్డానికి మొహం చెల్లలేదు.