తమ్ముణ్ణి ఎత్తుకోని రోజులు

నా చిన్నప్పుడు మా తమ్ముణ్ణి నేను ఎత్తుకునేదాన్ని కాదు. వాడికి ఎనిమిది నెలలొచ్చినా ఒక్కసారి కూడా ఒళ్లోకి తీసుకోలేదు. నాకు వాడంటే కుళ్లని అమ్మ అనుకునేది. ఇంటికొచ్చినవాళ్లతోనూ అదే చెప్పేది. నేను కాదనలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అంతకు ఏడాది ముందు నుంచే మోచేతుల మీద, మోకాళ్ల మీద, జుట్టు మొదళ్లలో ఎర్రగా లేచి తెల్లటి పొలుసులు రాలేవి. ఇప్పుడైతే సోరియాసిస్ అంటున్నారు. అప్పుడు తాండూరు దగ్గర మా ఊళ్లో ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు. వేపాకు నూరి పూశారు, పసుపు పట్టించారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు ఏమీ చెప్పకుండానే వెనక వరసలోకి పోయింది. నేను మాట్లాడటం తగ్గించేశాను. ఎందుకో నాకే తెలియదు.

చివరికి అమ్మ తమ్ముణ్ణి చంకన వేసుకుని, నన్ను రైలెక్కించి వికారాబాదులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె నా మోచేతిని ఒట్టి చేత్తో పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. అంతవరకు ఇంట్లోవాళ్లు తప్ప ఆ మచ్చల్ని ఎవరూ ముట్టుకున్నది లేదు. తర్వాత ఆమె అడిగినవేవీ నాకు అర్థం కాలేదు. నిద్ర పడుతుందా, ఎవరితో ఆడుకుంటావు, బడిలో ఎవరి పక్కన కూర్చుంటావు? చర్మం చూపించుకోవడానికి వస్తే ఇవన్నీ ఎందుకు? అన్నింటికీ అమ్మే జవాబు చెబుతోంది.

"మొండిదమ్మా. తమ్ముణ్ణి గూడ ఎత్తుకోదు."

డాక్టరమ్మ అమ్మను కాసేపు బయట కూర్చోమంది. తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"ఇది నీకు ఎందుకొచ్చిందనుకుంటున్నవు బిడ్డా?"

నన్నెవరూ అట్లా అడగలేదు. చాలాసేపు గోడకేసి చూస్తూ ఉండిపోయాను. ఆమె తొందరపెట్టలేదు. ఆఖరికి చెప్పేశాను. మా చేను గట్టున ఉన్న పాముపుట్టను ఆటకని కట్టెతో పొడిచానని, ఆ తర్వాతే ఇది మొదలైందని. పాముకు కోపమొస్తే ఒళ్లంతా పొలుసులవుతుందని పక్కింటి అవ్వ ఎవరితోనో అంటుంటే విన్నానని. నేను ముట్టుకుంటే తమ్ముడికీ వస్తుందని భయమని.

ఆమె నవ్వలేదు.

"పుట్టకు, దీనికి ఏం సంబంధం లేదు. ఇది అంటుకునేది గాదు. నీ తప్పు గాదు. తగ్గుతది, మళ్ల గూడ వస్తది. వచ్చినప్పుడల్లా నేనేం చేసిన్నో అని పరేషాన్ గాకు."

అమ్మకు చెప్పనా అని నన్నడిగి, నేను తలూపాకే అమ్మను పిలిచి చెప్పింది. తమ్ముణ్ణి అందుకుని నా ఒళ్లో కూర్చోబెట్టింది. వాడు నేరుగా నా మోచేతి మీద చెయ్యేశాడు. నేను బిగుసుకుపోయాను. ఏడుపొచ్చింది. సంతోషమా అంటే, కాదు. నా తప్పు కాకపోతే మరెవరిది? పాముకైతే మొక్కుకోవచ్చు. ఎవరి తప్పూ కానిదానికి ఎవరిని వేడుకోవాలి?

తిరుగు రైలులో ధారూర్ స్టేషన్ దాటాక అమ్మ, "గిన్నొద్దులు నాకెందుకు చెప్పలేదే?" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా మీద కోపమో, తన మీద కోపమో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మందు రాస్తే తగ్గింది. పదో తరగతి పరీక్షలప్పుడు మళ్లీ వచ్చింది. అరవై దాటాక కూడా వస్తూ పోతూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ, వద్దన్నా నా మనసు ఏదో ఒక తప్పు కోసం వెతుకుతుంది. ఆ వెతుకులాట మాన్పించుకోలేకపోయాను. కానీ ఏ పిల్లయినా మాటాపలుకూ లేకుండా మూల కూర్చుంటే, ఎందుకో నాకు తెలిసినట్టు మాట్లాడను. నువ్వేమనుకుంటున్నావని అడిగి ఎదురుచూస్తాను. జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.