రూబెన్ బ్రాకెట్టు

నోయిడాలో విదేశీ జర్నళ్లకు లెక్కల పేజీలు కూర్చే ఆఫీసులో సరళకుమారి ఉద్యోగం. రాసినవాళ్లు ముచ్చటపడి పెట్టుకున్న సొంత గుర్తుల్ని ఏరి పారేసి, జర్నల్ ఒప్పుకున్నవి పెట్టడం ఆమె పని. పాపిష్టి పనే. ఎవరి ముచ్చట ఏమైపోతే మనకేం అనుకుంటూ ఏళ్ల తరబడి చేసింది.

ఇంట్లో మాత్రం అలా కాదు. వైశాలిలోని ఫ్లాట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కొడుకు రూబెన్, తన లెక్కల కోసం ఒక కొత్త బ్రాకెట్టు గీశాడు. కొనలు గాలంలా లోపలికి తిరిగి ఉంటాయి. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, భిన్నం వచ్చిన చోటల్లా దాని తలా కాళ్లూ బ్రాకెట్టు దాటి బయటికి పొడుచుకొచ్చాయి.

"అమ్మా, యే బఢ్తా హీ నహీ!" అని విసుక్కున్నాడు.

"పెరగకేం? పెరిగేలా రాయాలిరా," అంటూ పక్కన కూర్చుంది. పై కొక్కెం ఒక ముక్క, కింది కొక్కెం ఒక ముక్క, మధ్యలో ఎంత కావాలంటే అంత సాగే నిలువు గీత. అదంతా ఒక్క లైనులో రాసి దానికో పేరు పెట్టింది. "ప్రతిచోటా ఈ పేరే వాడు నాన్నా. రేపు మార్చాలనుకుంటే ఈ ఒక్క లైను మారిస్తే చాలు."

ఎంత ఎత్తు లెక్క వేసినా బ్రాకెట్టు ఒదిగిపోతుంటే వాడి సంబరం చూడాలి! తండ్రి లెవిని వంటింట్లోంచి లాక్కొచ్చి మరీ చూపించాడు.

ఆ వానాకాలం డెంగీ వాణ్ని పొట్టన పెట్టుకుంది. లెవి నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే, తండ్రి చేతుల్లోనే పోయాడు. ఆ లెక్కలతో రాసిన పేపరు అప్పటికే జర్నల్‌కి పంపేశాడు.

వాళ్లు ఒప్పుకున్నారు. అచ్చుకు ముందు కూర్పు కోసం అది తిరిగి తిరిగి సరళకుమారి ఆఫీసుకే వచ్చింది. పేరు చూసి టీమ్ లీడ్ రేవతి పరుగున వచ్చింది.

"ఆంటీ, ఇది వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

"ఆ బ్రాకెట్టు ఒక్కటీ ఉంచకూడదా అమ్మా?"

"రాసినవాళ్లు పట్టుబట్టితేనే ఉంచుతారాంటీ..." అని రేవతి చటుక్కున ఆగిపోయింది. ఆ రూలు మండిపోను, పట్టుబట్టడానికి వాడేడీ!

"పరాయి చేతులెందుకులే, నేనే చేస్తాను," అంది సరళకుమారి.

ఒక్కో బ్రాకెట్టూ తీస్తూ ఆ పూటంతా వాడి దగ్గరే ఉండొచ్చనుకుంది. అదొక్కటే ఆమెకు మిగిలిన ఆశ. ఫైలు తెరిచి చూస్తే, వాడు అమ్మ చెప్పింది చెప్పినట్టే చేశాడు. ప్రతిచోటా ఆ పేరే, ఎక్కడా తప్పలేదు. బుద్ధిమంతుడు.

ఆ ఒక్క లైను మార్చింది. పేజీలన్నింటిలోనూ మామూలు బ్రాకెట్లు వచ్చి నిలబడ్డాయి. పని అయిపోయింది.