చెరకు మడి దగ్గర చెప్పిన మాట

నా చిన్నప్పుడు, మా అమ్మను మట్టి చేస్తున్న వేళకు నేను చెరకు ముక్క నములుతూ ఉన్నాను.

మా నాయన కర్నూలు నుంచి సౌదీకి వచ్చి, జిజాన్‌లో కరెంటు పని చేసేవాడు. అమ్మ, నేను తర్వాత వచ్చాం. నాకు అప్పుడు ఏడేళ్లు. అమ్మ జ్వరంతో ఆసుపత్రిలో చేరి ఆరు రోజులైంది. ఆ మరుసటి పొద్దున పక్కింటి అక్క నాకు తల దువ్వి, మంచి గౌను తొడిగి, బొటానికల్ గార్డెన్‌కు పోదాం రమ్మంది. ఎన్నాళ్లుగానో అడుగుతున్నానేమో, ఎగిరి గంతేశాను. ఆమె భర్త మమ్మల్ని గేటు దగ్గర దింపి, నా ముఖం చూడకుండానే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ చోటు ఒకప్పుడు పెద్ద చెరకు తోట. పంట మానేశాక దేశదేశాల చెట్లు తెచ్చి నాటి, ఒక్కోదానికి పేరు రాసిన రేకు తగిలించారు. పాత చెరకు మాత్రం ఒక మూల నాలుగు వరుసలు మిగిల్చారు. అక్కడ పనిచేసే తోటమాలిది నిజామాబాద్ వైపు పల్లె. మా నాయనకు తెలిసినవాడే, నేను మామా అని పిలిచేదాన్ని. అక్క ఆయన్ను పక్కకు పిలిచి గుసగుసగా ఏదో చెప్పింది. ఆయన ఒక గడ నరికి, చెక్కు తీసి నా చేతికిచ్చాడు.

"ఇంకొకటి ఇవ్వు మామా, అమ్మకు దాస్తా," అన్నాను.

"రెండు దినాల్లో వస్తాదిలే మీ అమ్మ," అంది అక్క గబగబా.

మామ కత్తి కింద పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "మీ అమ్మ ఇగ రాదు బిడ్డా. పొద్దుగాల పానం పోయింది. మీ నాయన దగ్గరుండి మట్టి చేస్తుండు."

"చిన్నబిడ్డకు అట్ల చెప్తారా అన్నా!" అని అక్క ఏడుస్తూనే కోప్పడింది.

"మా అమ్మ పోతే నాకు నెలదాంక ఎవ్వలు చెప్పలే చెల్లె. పరాయి దేశంల బాధపడ్తనని దాసిండ్రు. ఆ నెలంత, కాళ్లనొప్పులు తగ్గినయా అని ఆమెకు ఉత్తరాలు రాసిన," అన్నాడాయన.

అమ్మకు నొప్పి పుట్టిందా అని మామను అడిగాను. జ్వరంలో పుట్టింది, ఇప్పుడు లేదన్నాడు. నన్ను అడిగిందా అంటే, తనకు తెలియదన్నాడు. నేను ఏడ్చినంతసేపూ, ఎండ మీదికొచ్చినా, ఆయన అక్కడి నుంచి కదల్లేదు.

సాయంత్రం నాయన వచ్చి, "అమ్మ ఊరికి..." అని మొదలుపెట్టాడు. "నాకు తెలుసు నాయనా," అన్నాను. పొద్దుటి నుంచి కన్నీరు పెట్టనివాడు గడపలోనే కూలబడి, నన్ను పట్టుకుని బావురుమన్నాడు.

నిరుడు రియాద్‌లో మా అల్లుడు గుండె ఆగి పోయాడు. నాన్న ఎప్పుడొస్తాడని ఆరేళ్ల మనవరాలు అడిగితే, చెప్పొద్దని ఇంట్లో అందరూ నాకు సైగలు చేశారు. నేను దాని ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నమాట చెప్పాను. అది అడిగినవాటిలో నాకు తెలిసినవాటికి బదులిచ్చాను, తెలియనివి తెలియవన్నాను. అది ఏడ్చి ఏడ్చి నిద్రపోయేదాకా లేవలేదు.