నాగోరావు గురుజీ చేట లెక్క

నాందేడ్ నుంచి రోజూ భోకర్ బడికి వెళ్లి లెక్కలు చెప్పే నాగోరావు గురుజీకి దేన్నీ ఊరికే వదిలే అలవాటు లేదు. పంతొమ్మిది వందల డెబ్బైమూడులో ఆయన కన్ను పొద్దుటి బస్సు మీద పడింది. ముప్పై బడి రోజుల్లో పన్నెండు రోజులు అది ఆయన స్టాపులో ఆగకుండా మొహాన దుమ్ము కొట్టి పోయింది. అవీ విడివిడిగా కాదు. ఆగని రోజు పక్కనే ఆగని రోజు ఒక జత అనుకుంటే, వరుసగా నాలుగు రోజులు ఆగకపోతే మూడు జతలు; అలా మొత్తం తొమ్మిది!

“ఒకనాటికి ఇంకోనాటికి సంబంధం లేకుంటే, రోజులను ఎట్ల కలిపినా గన్ని జతలు రావాలె గదా!” అన్నాడు భార్య అంజనాబాయితో.

రోజుకొకటి చొప్పున ‘ఆగింది’, ‘ఆగలేదు’ అని ముప్పై చీటీలు రాసి, ఆమె బియ్యం చేటలో కలిపి, చేతికొచ్చిన వరుసలో పరిచి జతలు లెక్కపెట్టాడు. ఆదివారమంతా రెండు వందల సార్లు కలిపాడు. ఎక్కువగా నాలుగో ఐదో వచ్చాయి గానీ తొమ్మిది ఒక్కసారీ రాలేదు.

“చూసినవా! నిన్నటిది ఇయ్యాలకు అంటుకుంటున్నది!”

“చేట ఇటియ్యుండ్రి. గా డ్రైవర్నే అడిగితే అయిపోయేది గదా!”

సోమవారం బస్సు ఆగింది. గురుజీ చీటీల సంచితో ఎక్కి, డ్రైవర్ మారోతి వెనక కూర్చుని, భోకర్ దాకా రుజువు వినిపించాడు.

మారోతి బండి ఆపి వెనక్కి తిరిగాడు. “మీ లెక్క ఖరే, నిజమే గురుజీ. తొందరల ఒకనాడు మిమ్మల్ని ఇడిసిపెడ్త. మర్నాడు ఎక్కించుకుంటే గిట్లనే భోకర్ దాక నా తల తింటరని, మీ కోపం సల్లారేదాక ఆపను. దిగుండ్రి, భోకర్ అచ్చింది. ఇగ నాలుగు దినాలు వేరే బండి సూసుకోండ్రి.”