నా బదులు డ్యూటీకెళ్లిన ఫోను

బండి నాది, అందులో పోసే పెట్రోలు నాది, ఫోను నాది, ఆ ఫోనుకు రీచార్జి కూడా నాదే. కంపెనీవాళ్లు ఇచ్చిందల్లా వీపుకు తగిలించుకునే సంచీ ఒక్కటే. దాని మీద వాళ్ల పేరు ఎంత పెద్దగా ఉండేదంటే, వెనక నుంచి చూసేవాళ్లకి ఆ పేరే బండి నడుపుతున్నట్టు ఉండేది. ముప్ఫై ఒకటి నిండినా నన్ను డెలివరీ బాయ్ అనే పిలిచేవాళ్లు.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మా గోదాము. అక్కడ సూపర్‌వైజర్ కుర్చీకి ఎదురుగా గోడ మీద ఒక టీవీ, టీవీలో ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా మ్యాపు, ఆ మ్యాపులో మేమంతా పచ్చ చుక్కలం. మా ఫోన్లలో వాళ్ల యాప్ వేయించారు కదా, ఫోను ఎక్కడుంటే చుక్క అక్కడ. పది నిమిషాలు కదలకపోతే చుక్క ఎర్రబడేది. వెంటనే ఫోనొచ్చేది. “ఏంది, ఛాయ్ మంచిగున్నదా?” అనేవాడు మా సూపర్‌వైజర్. ఛాయ్ కాదు మహానుభావా, కడుపు నొప్పి అని చెప్పినా నమ్మేవాడు కాదు.

అది చాలదన్నట్టు నా సొంత నంబరే కస్టమర్లందరికీ వెళ్లేది. ఒక పెద్దాయనకి జన్మలో ఒక్కసారి మోకాలి పట్టీ ఇచ్చాను. అప్పటినుంచి ఆయన రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు పెట్టి శుభోదయం పంపేవాడు. మా అమ్మ పుట్టినరోజుకి ఆమె ఫొటో స్టేటస్‌లో పెడితే, చిల్కానగర్ నుంచి ఒకావిడ దాని కింద “నిన్న ఇచ్చిన మిక్సీ జారు పగిలింది, వచ్చి తీసుకుపో” అని రాసింది. పేర్లు గుర్తుండక నేను నంబర్లను “నాలుగో అంతస్తు లిఫ్ట్ లేదు”, “కుక్క”, “కుక్క లేదని చెప్పినామె” అని దాచుకునేవాణ్ని. వీటన్నిటి మధ్య ఎక్కడో “అమ్మ” ఉండేది. ఒకసారి అమ్మ ఫోన్ చేస్తే చూసుకోకుండా ఎత్తి, “గేటు కాడనే ఉన్న మేడం, ఓటీపీ చెప్పుండ్రి” అన్నాను. “ఓటీపీ లేదు ఏం లేదు, వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తే” అంది అమ్మ.

ఈ ఫోను వల్లే నాకు ఒక సంబంధం తప్పిపోయింది. మా పాస్టర్ గారు తెచ్చిన సంబంధం, రామంతాపూర్‌లో. మేం వెళ్లి కూర్చున్నాం, మిక్చర్ పళ్లేలు వచ్చాయి, మంచిగా మొదలవ్వాలని పాస్టర్ గారు ప్రార్థన ఎత్తుకున్నారు. అందరం కళ్లు మూసుకున్నాం. ఆయన గొంతు పెంచి “ప్రభువా, ఈ ఇంటికి రమ్ము” అంటుండగా నా జేబులో ఫోను మోగింది. ఆరు నెలల అలవాటు, చెయ్యి దానంతట అదే పోయింది. “రెండే నిమిషాలల్ల వస్తున్న మేడం” అన్నాను. పిల్ల తమ్ముడు పక్కున నవ్వాడు. పిల్ల తల్లి నవ్వలేదు. “రేపు మా పిల్లకు జరమొచ్చి పిలిచినా గిదే రెండు నిమిషాలంటడు” అని పాస్టర్ గారితో కబురు పంపింది. నాకు ఒళ్లు మండింది కానీ, ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

నాలుగు నెలల తర్వాత పాస్టర్ గారు ఇంకో సంబంధం తెచ్చారు. పిల్లవాళ్లది నాగారం. ఉప్పల్‌లో ఏదో ల్యాబ్‌లో పని చేస్తుందట. “ఇది గూడ ఖరాబు జేస్తే ఇంగ నా కాడికి రాకుండ్రి” అని ఆయన అమ్మతో ముందే అనేశారు. నేను ఫొటో చూశాను. నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది ఆ మొహం. ఇలా చెప్పడానికి సిగ్గేముంది, నాకు ఆ పిల్ల కావాలనిపించింది. ఆ వారమంతా బండి నడుపుతూ కూడా అదే ఆలోచన.

వాళ్లు రమ్మన్నది ఆదివారం, చర్చి అయ్యాక. మా గోదాములో ఆదివారమంటే వారం మొత్తంలో ఎక్కువ పార్సిళ్లున్న రోజు. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“ఆదివారం లీవా? పెండ్లి నీదే అయినా ఇయ్య” అన్నాడు.

“పెండ్లి కాదు సార్, పెండ్లి చూపులు.”

“గట్లయితే అసలే ఇయ్య.”

ఇక మిగిలింది ఒకటే దారి, ఫోను మోయించడం. ఇది మాలో మేం పెట్టుకున్న పద్ధతి. ఎవరికైనా తప్పని పని పడితే, పొద్దున గోదాములో ముఖం చూపించి యాప్‌లో హాజరు వేయించుకుంటాడు. బయటికొచ్చాక తన పార్సిళ్లూ తన ఫోనూ ఇంకొకడికి అప్పజెప్పి పోతాడు. ఒకే బండి మీద రెండు చుక్కలు తిరుగుతాయి. టీవీలో చూసేవాడికి ఇద్దరూ కష్టపడుతున్నట్టే ఉంటుంది. సొంత ఫోను ఇంకొకడి చేతిలో పెట్టడమంటే మాటలా? అందుకే నియమాలు ఉండేవి. గ్యాలరీ తెరవకూడదు. మెసేజీలు చదవకూడదు. ఇంట్లోవాళ్ల పేరు కనబడితే ఎత్తకూడదు. సూపర్‌వైజర్ చేస్తే ఎత్తి, హారన్ గట్టిగా కొట్టి “సిగ్నల్ కాడున్న సార్” అని పెట్టేయాలి, హారన్ మోతలో ఎవడి గొంతైనా ఒకటే. పేరు లేని నంబరు మాత్రం తప్పకుండా ఎత్తాలి, ఎందుకంటే అది కస్టమరే అయ్యుంటుంది.

నా ఫోను మోసింది అంబర్‌పేట్‌ నుంచి మా గోదాముకి పనికొచ్చే దోస్తు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకర్నొకరం మామా అనుకునేవాళ్లం. ఆదివారం పొద్దున నాచారం మెయిన్ రోడ్డు మీద ఛాయ్ హోటల్ వెనకాల నా పార్సిళ్లు వాడి సంచీలోకి కుక్కాం. ఫోను చేతిలో పెట్టి లాక్ చెప్పాను. “నువ్వు పో మామ, ఫికర్ జెయ్యకు. పిల్ల ముందట జర మనిషి లెక్క కూసో” అన్నాడు. నేను కంపెనీ చొక్కా విప్పి, కింద వేసుకున్న ఇస్త్రీ చొక్కాతో నాగారం బయల్దేరాను. జేబు ఎంత తేలిగ్గా ఉందో! దారిలో రెండుసార్లు ఫోను పడిపోయిందేమోనని తడుముకున్నాను కూడా.

నాగారంలో అంతా సాఫీగా సాగింది. పాస్టర్ గారు ప్రార్థన చేశారు, ఏమీ మోగలేదు. ఆయన ఒక కన్ను తెరిచి నా జేబు వైపు చూడటం నేను చూశాను. పిల్ల తండ్రి రిటైరైన అటెండరు, చెవులు కొంచెం మందం. “ఆదివారం గూడ పనికి పోతరంట గదా మీ దాంట్ల?” అని గట్టిగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా అమ్మ అందుకుంది. “మావాడు సెలవు పెట్టిండు అన్నా. ఆదివారం దేవునిది అంటడు.” ఆయన మొహం వెలిగిపోయింది. నేను తల వంచుకుని మిక్చర్‌లో పల్లీలు ఏరుకున్నాను.

తర్వాత ఇద్దరం మాట్లాడుకోండని మేడ మీదికి పంపారు. ఆ అమ్మాయి ఫొటోలోలాగే ఉంది. చేతిలో వాళ్ల నాన్న ఫోను. ఏం చదువుకున్నారు, ఎక్కడ పుట్టారు అని రెండు మాటలయ్యాక, “మీ నంబర్ చెప్పుండ్రి” అంది. రోజుకి నలభైసార్లు చెప్పే నంబరు, ఆలోచించకుండా గడగడా చెప్పేశాను. “మిస్డ్ కాల్ ఇస్తున్న, సేవ్ జేసుకోండ్రి” అంటూ ఆమె నొక్కేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వాళ్ల నాన్న నంబరు నా ఫోనులో లేదు. పేరు లేని నంబరు.

నా ఫోను మోస్తున్న మావాడు మొదటి రింగుకే ఎత్తాడు. చెవిటి పెద్దాయన ఫోను కదా, స్పీకరు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందట.

“హలో మేడం, ఐదు నిమిషాలల్ల మీ గేటు కాడుంట. కుక్కను జర కట్టేయుండ్రి” అన్నాడు మావాడు.

ఆమె ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. “ఎవరు మాట్లాడేది?”

“డెలివరీ మేడం. ఓటీపీ రెడీ పెట్టుకోండ్రి.”

“మీరు యాడున్నరు?”

“నాచారంల మేడం, పెట్రోల్ బంకు దాటిన.”

“మరి నా ముందట నిలవడ్డ ఈయన ఎవరు?”

అటువైపు గట్టిగా హారన్ మోగింది. “సిగ్నల్ కాడున్న సార్” అని మావాడు పెట్టేశాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కింద నుంచి మా అమ్మ నవ్వు వినబడుతోంది, పాపం ఆమె సంబంధం కుదిరిపోయినట్టే మాట్లాడుతోంది. పరిగెత్తి మెట్లు దిగిపోదామా అనిపించింది. రామంతాపూర్ సంబంధం పోయినప్పుడు కోపం వచ్చింది గానీ బాధ రాలేదు. ఇప్పుడు మాత్రం బాధే వచ్చింది. అబద్ధాలకి ఓపిక లేక ఉన్నదంతా చెప్పేశాను. సెలవు ఇవ్వలేదని, ఫోను డ్యూటీలో ఉందని, మా అమ్మ చెప్పింది అబద్ధమని, నేను నోరు మూసుకుని పల్లీలు తిన్నానని.

ఆమె అంతా విని, “ఆయన ఫోన్ మీరెప్పుడన్న మోసిన్రా?” అని అడిగింది.

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. “వాళ్ల అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు నాలుగు రోజులు మోసిన.”

“పార్సిళ్లు గూడనా?”

“అన్నీ.”

“ఒక్కటన్న తప్పుడింట్ల ఇచ్చిన్రా?”

“ఒక్కటి. ఒక సారు గడ్డం గీసుకునే మిషను పక్కింటి మేడంకిచ్చిన. మస్తు తిట్టింది.”

అప్పుడు నవ్వింది. ఫొటోలో ఆలోచిస్తూ ఆపేసిన నవ్వు మొత్తం బయటికొచ్చింది. నాకు కొంచెం ధైర్యం వచ్చి, అంతసేపూ బుర్రలో తిరుగుతున్న మాట అడిగాను. “మీరు మీ ఫోన్‌కెల్లి ఎందుకు చెయ్యకపోతిరి?”

ఆమె మెట్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “నా ఫోన్ ఈడ లేదు. చిల్కానగర్‌ల నెత్తురు తీస్తున్నది.”

ల్యాబ్‌లో పని అంటే నేను తెల్లకోటు, ఏసీ గది అనుకున్నాను. ఆమె పని స్కూటీ మీద ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకురావడమట. ఆమెకీ సొంత ఫోనే, ఆమెకీ ఒక యాప్, గోడ మీద చుక్కలు చూసే సారు ఒకడు. ఆదివారం పొద్దున పరగడుపు పరీక్షల రద్దీ, సెలవు లేదు. తోటి పిల్ల ఆమె ఫోనూ ఆమె సీసాలూ మోస్తోంది. ఆమె ఆదివారం సెలవు పెట్టిందని వాళ్ల నాన్న చర్చిలో అందరికీ చెప్పుకున్నాడట. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వలేక చచ్చాం.

నవ్వు ఆగాక ఆమె మామూలుగా అంది. “మా ల్యాబ్‌ల ఒకాయన ఉన్నడు. మంచిగ మాట్లాడతడు, మంచి బట్టలేస్తడు. ఆయన ఫోన్ మాత్రం ఒక్కరు గూడ మొయ్యరు. మా నాయన మీ గురించి మూడు చోట్ల అడిగిండు, మంచోడన్నరంట. నాకు గా మాటల మీద నమ్మకం లేదు. మీ ఫోన్ మోసెటోడు ఉన్నడు గదా, గది చాలు నాకు.”

నన్ను జీవితంలో ఎవరూ అంత మంచి మాట అనలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎండ అని సాకు చెప్పాను. కిందికి దిగాక వాళ్ల నాన్న “ఏం మాట్లాడుకున్నరు ఇంతసేపు?” అని అరిచినట్టు అడిగాడు. “పని గురించి నాయనా. నాకు సమ్మతమే” అందామె. పాస్టర్ గారు వెంటనే ఇంకో ప్రార్థన ఎత్తుకున్నారు.

సాయంత్రం గోదాముకి చేరేసరికి సూపర్‌వైజర్ నా భుజం తట్టాడు. “ఇయ్యాల అందరికన్న ముందు ఖతం జేసినవ్. ఏడ నిలవడలేదు. రోజు గిట్లనే జెయ్యరాదు?” అన్నాడు. అలాగే సార్ అన్నాను. నేను లేకపోతేనే నేను బాగా పనిచేస్తానని ఆ మనిషికి ఎలా చెప్పేది?

బయట మావాడు సంచీ దించి, చెమట తుడుచుకుంటూ నా ఫోను చేతిలో పెట్టాడు. వాడికి ఇంకా ఏమీ తెలియదు. ఫోనులో ఒక నంబరు చూపించి, “గీ నంబర్‌కెల్లి ఒకామె చేసింది మామ. యాడున్నవ్, ఎవరు నువ్వు అని పోలీసోళ్ల లెక్క అడుగుతది. మస్తు తిక్కది. మళ్ల చేస్తే ఎత్తకు” అన్నాడు.

“ఎత్తక తప్పదు మామా,” అన్నాను, “ఇంగ ఆమె జిందగీ మొత్తం చేస్తది.”